రుణం కాని కృతజ్ఞత

(బిషప్ వి. ఎస్. అజరయ్య స్మృతిలో కరీంనగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

ఒక పెద్దాయనను తలచుకోవడానికి కూడిన సభలో కృతజ్ఞత గురించి మాట్లాడటం తేలికే. ఆయన చేసిన మేళ్లు వరుసగా చెప్పి, ఆయనకు మనమంతా రుణపడి ఉన్నామని ముగిస్తే సభ మర్యాద దక్కుతుంది. అజరయ్య గారి పేరు మీద ఆ పని చేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన పేరు లోకానికి తెలియడానికి కారణమైన ప్రసంగంలోనే కృతజ్ఞత మీద ఒక పెద్ద ప్రశ్న ఉంది. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆయనకప్పుడు 35 ఏళ్లు. తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కు వచ్చి ఏడాది అయింది. తెల్లవాళ్లే నిండిన ఆ సభలో ఆయన ముందు మిషనరీల త్యాగాన్ని మనసారా ఒప్పుకున్నారు. భారత సంఘం తరతరాలూ ఆ త్యాగాన్ని కృతజ్ఞతతో చెప్పుకుంటుందన్నారు. అక్కడితో ఆపితే చప్పట్లు మోగేవి. ఆయన ఆపలేదు. ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇక మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని అడిగారు. సభలో కొందరికి అది కంటగింపైంది. ఇంత మేలు పొందినవాడు ఇంకా అడగడమేమిటని వాళ్లకు అనిపించి ఉంటుంది. మేలు చేసినవాడు పై మెట్టు మీదే నిలబడి ఉన్నంతకాలం, మేలు పొందినవాడి కృతజ్ఞత ఎంత నిజమైనదైనా అది వంగిన నడుముతో చెప్పే మాటే అవుతుంది. అజరయ్య గారు అడగడంలో నాకు వినిపించేది ఇదే. క్రైస్తవ జీవితానికీ సేవకూ కృతజ్ఞతే ఊట అని నేను నమ్ముతాను. అయితే ఏ కృతజ్ఞత? ఈ ప్రశ్నకు మన కరీంనగర్, ఆదిలాబాద్ నేల మీద నిలబడి జవాబు వెతకాలని నా ప్రయత్నం.

ముందు మన మాటలనే చూద్దాం. తెలుగులో కృతజ్ఞత చెప్పడానికి అందరికీ ముందుగా నోటికొచ్చేది అప్పు భాష. మీకు రుణపడి ఉంటాను, ఈ జన్మలో మీ రుణం తీరేది కాదు అంటాం. రెండోది తిండి భాష. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టొద్దని హెచ్చరిస్తాం. ఇక్కడ విశ్వాసం అనే మాటను గమనించండి. బైబిల్లో దేవుని మీద పెట్టుకునే నమ్మకానికి మనం వాడే మాట, ఊళ్లో కుక్కను మెచ్చుకోవడానికి వాడే మాట ఒకటే. ఈ మాటలు పుట్టిన లోకం ఎలాంటిదో ఈ జిల్లాల్లో ఎవరికీ పుస్తకం తెరిచి చెప్పనక్కర్లేదు. పెండ్లికో చావుకో దొర దగ్గర తెచ్చిన నాలుగు రూపాయలకు తండ్రి జీతముండేవాడు, తండ్రి తర్వాత కొడుకు జీతముండేవాడు. లెక్క దొర పుస్తకంలో ఉండేది, చదువు దొర ఇంట్లో ఉండేది. దీన్ని భగేలా అన్నారు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద చట్టం తెచ్చినా ఊళ్లలో ఆ పుస్తకాలు మూతపడలేదు. గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నిలబడి 'బాంచెన్ నీ కాల్మొక్త' అన్నవాడు కూడా ఒక రకంగా కృతజ్ఞత చెబుతున్నట్టే లెక్క. దొర కొట్టకుండా పంపినందుకు, పాత గొంగడి పడేసినందుకు, గింజలు కొలిచినందుకు. 1880లలో వెస్లియన్ మిషన్ కరీంనగర్‌లో అడుగుపెట్టినప్పుడు సువార్త విన్నవాళ్లలో ఎక్కువమంది ఈ లోకంలో బతికిన మాల మాదిగలే. వాళ్ల చెవికి 'దేవునికి నువ్వు రుణపడి ఉన్నావు' అనే మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించండి. దొర మారాడు, పుస్తకం మారలేదు అని వినపడే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం నేటికీ పోలేదు.

కృతజ్ఞత అనే మాటను విప్పితే మాత్రం ఇంకో దారి కనిపిస్తుంది. కృతం అంటే చేయబడినది. జ్ఞత అంటే ఎరిగి ఉండటం. నాకోసం ఏం జరిగిందో ఎరిగి ఉండటమే కృతజ్ఞత. అందులో అప్పు లేదు, వడ్డీ లేదు, కాళ్లు మొక్కడం లేదు. బైబిల్ కృతజ్ఞతను మొదట నిలబెట్టేది కూడా ఈ ఎరుక మీదే. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో రైతు తొలి పంటను గంపలో పెట్టుకొని వస్తాడు. గంప దించి అతడు చెప్పేది తన కుటుంబ కథ: మా పితరుడు దిక్కులేక తిరిగినవాడు, మేము ఐగుప్తులో వెట్టి చేశాం, దేవుడు బయటికి తెచ్చాడు. ఆ కథ చెప్పిన తర్వాత గంప ఏమవుతుందో చూడండి. లేవీయుడితో, ఊళ్లో ఉన్న పరదేశితో కలిసి సంతోషించమని ఆజ్ఞ. అంతకు ముందు 15వ అధ్యాయంలో ఇంకా సూటిగా ఉంది. ఆరేళ్లు పనిచేసిన దాసుణ్ని ఏడో ఏట విడిచిపెట్టాలి, అదీ ఒట్టి చేతులతో పంపకూడదు. మందలోంచి, కళ్లంలోంచి ఇచ్చి పంపాలి. కారణం ఒక్కటే చెప్పారు: నువ్వూ ఒకప్పుడు దాసుడివే. విడుదల పొందినవాడు ఆ విడుదలను తన చేతి కింద ఉన్నవాడికి ఇవ్వాలి. దేవునికి తిరిగి కట్టే వాయిదా గురించి అక్కడ ఒక్క మాట లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నది కాదు. పౌలే రోమా పత్రిక మొదటి అధ్యాయంలో తనను ఋణస్థుడని చెప్పుకున్నాడు కదా, మరి అప్పు భాషను తీసేయడానికి మనమెవరం? ఆ వచనాన్ని నిదానంగా చదివితే అభ్యంతరానికి జవాబు అందులోనే దొరుకుతుంది. పౌలు ఎవరికి ఋణస్థుడు? గ్రీకులకు, గ్రీకులు కానివారికి. వాళ్లు ఆయనకు ఏమిచ్చారు? ఏమీ ఇవ్వలేదు. ఇచ్చినవాడు ఒకడు, అందుకోవలసినవాడు ఇంకొకడు. ఏ షావుకారు పుస్తకంలోనూ ఇలాంటి పద్దు ఉండదు. మత్తయి 18లోని దాసుడి ఉపమానం ఇదే విషయాన్ని వెనక నుంచి చూపిస్తుంది. లెక్కకందని బాకీని రాజు కొట్టేశాడు. ఆ దాసుడి తప్పు రాజుకు తిరిగి కట్టకపోవడం కాదు. గుమ్మం దాటగానే వంద దేనారాలకు తోటివాడి గొంతు పట్టుకోవడం అతడి తప్పు. 116వ కీర్తన భక్తుడు కూడా ఇన్ని మేళ్లకు ఏం చెల్లించగలనని అడిగి, మొదటి జవాబుగా రక్షణ పాత్రను చేతబుచ్చుకుంటానంటాడు. చెల్లింపు గురించి అడిగినవాడు మళ్లీ పుచ్చుకోవడంతోనే మొదలుపెడుతున్నాడు.

అందరికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవాడు మార్కు 5వ అధ్యాయంలోని గెరాసేనుడు. సమాధుల్లో గొలుసులు తెంపుకుంటూ తిరిగినవాడు బాగుపడ్డాడు. యేసు పడవ ఎక్కుతుంటే నన్నూ నీ వెంట రానివ్వమని బతిమాలాడు. ఇంతకంటే నిజమైన కృతజ్ఞత ఏముంటుంది? అయినా యేసు వద్దన్నాడు. ఇంటికి వెళ్లు, నీ వాళ్లకు చెప్పు అన్నాడు. మేలు చేసినవాడే తన కాళ్లు పట్టుకున్న చేతులను విడిపించి, ఊరి వైపు తిప్పి పంపాడు. మన మిషన్ చరిత్రలో ఈ అధ్యాయాన్ని మనం తక్కువ చదివామేమోనని నాకు అనిపిస్తుంది. బంగళా చుట్టూ ఇళ్లు వేసుకొని, దొరసాని మాటే వేదంగా, రెండు తరాలు ఆ కాంపౌండ్ గోడ దాటని కుటుంబాలు తెలుగునాట ఎన్నో. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయను. వాళ్లను ఊళ్లోకి తిప్పి పంపవలసిన బాధ్యత కొందరు మేలు చేసినవాళ్లు మరిచారన్నదే నా మాట.

ఈ వాదానికి రుజువు ఎక్కడ ఉందంటే, మన సంఘం పుట్టుకలోనే ఉంది. 1903లో పాళయంకోట్టైలో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. దాన్ని నిలబెట్టినవాళ్లలో అజరయ్య గారు ఒకరు. ఆ సంఘాల్లో చాలామంది తాటిచెట్లు ఎక్కి బతికే నాడార్ కుటుంబాల వాళ్లు. వాళ్లకు సువార్త తెచ్చింది ఇంగ్లిష్ మిషన్లు. అప్పు తీర్చాలనుకుంటే లండన్‌కు మనియార్డర్ పంపాలి. వాళ్లు ఆ డబ్బును, తమ మనుషులను తమకు భాష కూడా తెలియని నిజాం రాజ్యానికి, మానుకోట తాలూకాకు, డోర్నకల్‌కు పంపారు. తెలంగాణ పల్లెకు వాళ్లు ఏ విధంగానూ బాకీ లేరు. కృతజ్ఞత వల్ల పుట్టిన సేవ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను, ఎందుకంటే ఆ సేవను అందుకున్న చేతులు మన తాతలవి. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అజరయ్య గారు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ తర్వాత బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత ఆయన ఒక పని చేయించేవారు. చెయ్యి తమ తల మీదే పెట్టుకొని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థంలో పౌలు కొరింథీయులకు రాసిన మాటను పలకాలి. నిన్నటిదాకా దొర ముందు తల ఎత్తనివాడు, ఈనాడు ఎవరి చెయ్యీ తన తల మీద లేకుండా, తన చేతినే తన తల మీద పెట్టుకొని నిలబడి మాట ఇస్తున్నాడు. ఏటా సాక్ష్య వారంలో ఆ మనుషులే పక్క ఊళ్లకు వెళ్లేవాళ్లు. జీతం తీసుకునే బోధకుడికి అప్పగించి ఊరుకోలేదు.

ఇప్పుడు బయటి నుంచి ఎప్పుడూ వినిపించే మాట. వీళ్లది కృతజ్ఞతా కాదు, భక్తీ కాదు, కడుపు కోసం కలిసినవాళ్లు అంటారు. మెదక్ కేథడ్రల్‌నే చూపిస్తారు: చార్లెస్ పాస్నెట్ 1914 నుంచి పదేళ్లు దాన్ని కట్టించారు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది, కరువులో జనానికి పని, కూడు దొరకాలనే ఆ కట్టడం సాగిందని అందరూ చెప్పుకుంటారు. కూడు పెట్టిన చేతిని నమ్మడం పాపమని నేను అనుకోను. ఆకలిగొన్నవాడికి మొదటి సువార్త అన్నమే కావచ్చు. అయినా ప్రశ్నను దాటవేయకుండా చూద్దాం. 1933లో జె. వాస్కమ్ పికెట్ అచ్చువేసిన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' ఈ ప్రశ్ననే పట్టుకుంది. గుంపులుగా సంఘంలో చేరినవాళ్లను కలిసి, ఎందుకు చేరావని అడిగి, కారణాలను విడదీసి చూశారు. వచ్చినప్పటి కారణం కంటే, వచ్చిన తర్వాత ఎలాంటి బోధ, ఎలాంటి ఆదరణ దొరికిందన్నదే వాళ్ల తర్వాతి జీవితాన్ని ఎక్కువగా తీర్చిందని ఆయన తేల్చారు. నాకు ఇది ముఖ్యం. కృతజ్ఞత గుమ్మం దగ్గర చూపించే టికెట్ కాదు. ఇంట్లో ఉంటూ ఉంటూ పెరిగేది. ఇంకో రుజువు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. ఆనాటి నుంచి క్రైస్తవుడినని చెప్పుకున్న దళితుడికి షెడ్యూల్డ్ కులాల జాబితాలో చోటు లేదు. మన దగ్గర బీసీ-సిలో ఉన్నాడు. లాభం కోసమే వచ్చినవాళ్లయితే ఈ డెబ్బై ఐదేళ్లలో సంఘాలు ఖాళీ కావలసింది. నష్టపోతామని తెలిసీ ఆదివారం గంటకు లేచి వచ్చేవాళ్లను కడుపు కోసం కలిసినవాళ్లు అనడం న్యాయం కాదు.

లోపలి నుంచి వచ్చే ప్రశ్న ఇంకా బరువైనది, దాన్ని డాక్టర్ అంబేడ్కర్ మాటల్లో వినడం మంచిది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, దేశానికి జీవితమంతా సేవ చేసినవాళ్ల పట్ల కృతజ్ఞతలో తప్పు లేదని, కానీ దానికి హద్దులున్నాయని ఆయన హెచ్చరించారు. ఐర్లాండ్ నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను గుర్తుచేస్తూ, గౌరవాన్నీ స్వేచ్ఛనూ చెల్లించి చూపే కృతజ్ఞత ఎవరికీ తగదన్నారు. ఈ మాట సంఘాలకు వర్తించదని మనం అనుకోవడానికి లేదు. పాస్టర్ గారి మాటకు ఎదురు చెబితే దేవుని పట్ల కృతఘ్నత అని భయపెట్టే చోట, కమిటీ లెక్కలు అడిగినవాడిని మేలు మరిచినవాడని ముద్ర వేసే చోట, మనం గడీనే మళ్లీ కట్టుకుంటున్నాం, మీద సిలువ పెట్టి. అంబేడ్కర్ హద్దును నేను బైబిల్ హద్దుగానే చూస్తాను. నిర్గమకాండంలో విడుదల ముందు, ఆజ్ఞలు తర్వాత. యోహాను 15లో యేసు శిష్యులను దాసులని పిలవనన్నాడు, స్నేహితులన్నాడు. ఎడిన్‌బరోలో అజరయ్య గారు అడిగిన మాట అదే. స్వేచ్ఛను తీసుకునే కృతజ్ఞత ఏదైనా ఉంటే, అది ఏ దేవుని పేరున అడిగినా, నిర్గమకాండం దేవునిది కాదు.

మరి మేలు కనబడని మనిషి సంగతేమిటి? ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పెట్టిన రైతును తలచుకోండి. విత్తనాలు, ఎరువు, మందు అప్పుకు తెచ్చాడు. కాయ పగిలే వేళకు వాన పడి పత్తి నల్లబడింది. మార్కెట్‌లో తేమ ఎక్కువుందని ధర కోశారు. ఆ ఆదివారం అతడిని నిలబెట్టి కృతజ్ఞతా సాక్ష్యం చెప్పమనడం క్రూరం. పౌలు థెస్సలొనీకయులకు చెప్పింది ప్రతి విషయంలోనూ స్తుతించమని. ప్రతి విషయం కోసమూ అని కాదు. తెలుగు బైబిల్ ఈ తేడాను జాగ్రత్తగానే పట్టుకుంది. నష్టం నష్టమే, దాన్ని దీవెన అనక్కర్లేదు. కీర్తనల గ్రంథంలో ఎన్నో కీర్తనలు మొర, ఏడుపు, నిలదీత. వాటికి ఆలయంలో చోటు ఇచ్చిన దేవుడు ఈ రైతు మౌనానికి చోటివ్వడా? అతడు మాట్లాడలేని ఆదివారం సంఘం అతడి తరఫున ప్రార్థించాలి, వీలైతే అతడి అప్పులో పాలు పంచుకోవాలి. దీనికి పూర్తిగా ఎదురుగా నడిచే బోధ ఒకటి ఈమధ్య పల్లెల్లో బాగా పాకింది. ముందు కానుక వెయ్యి, దేవుడు వందంతలు తిరిగి ఇస్తాడు అంటారు. కృతజ్ఞత పేరుతో జరుగుతున్న వడ్డీ వ్యాపారం అది, అందులో దేవుణ్నే బాకీదారుణ్ని చేశారు. అప్పుల్లో ఉన్న మనిషి దగ్గర ఆ మాట చెప్పి నోటు తీసుకోవడాన్ని నేను క్షమించలేను.

తిరిగి రావాలని చూడకుండా ఇచ్చే ఈవికి మన పక్కనే ఒక గుర్తు ఉంది: నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని కుష్ఠు ఆసుపత్రి. స్కాట్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని 1915లో తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్, హిందువు. ఊరు వెలివేసిన రోగులకు అక్కడ తర్వాతి ఏళ్లలో హిడ్నోకార్పస్ నూనె సూది మందు ఇచ్చారు. లూకా 17లోని పదిమంది కుష్ఠరోగుల కథను ఈ జిల్లాల్లో చదివితే దానికి డిచ్‌పల్లి వాసన ఉంటుంది. పదిమందీ బాగుపడ్డారు, తిరిగొచ్చింది ఒక్క సమరయుడే. తొమ్మిదిమంది ఎక్కడని యేసు నొచ్చుకున్నాడు. కానీ వాళ్ల రోగం మళ్లీ తిరగబెట్టిందని లూకా రాయలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే. తిరిగొచ్చిన ఒక్కడూ బయటివాడు. కృతజ్ఞత మన సొత్తేనని అనుకునే క్రైస్తవులు, డిచ్‌పల్లి కథలో నర్సాగౌడ్ పేరును కూడా అదే ఊపిరిలో చెప్పుకోవాలి.

చివరగా పేదవాడి దగ్గర కానుక తీసుకోవచ్చా అనే ప్రశ్న. అజరయ్య గారు పేద సంఘాలను కూడా ఇవ్వమని అడిగారు, క్రైస్తవుల ఈవి గురించి పుస్తకమే రాశారు. దాన్ని పేదలను పీడించడం అన్నవాళ్లున్నారు. ఇవ్వడం తెలియని మనిషి ఎప్పటికీ పుచ్చుకునేవాడిగానే మిగులుతాడు, అతడి చెయ్యి ఎప్పుడూ కిందే ఉంటుంది. ఆయన పట్టుదలను నేను ఇలా అర్థం చేసుకుంటాను. పొయ్యి మీద ఎసరు పెట్టి గింజలు కొలిచేటప్పుడు, ఆ కొలతలోంచే ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసే అలవాటు మన తల్లులకు ఉండేది, కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. బియ్యమో, జొన్నలో. ఇంట్లో పిల్లలు ఆ చప్పుడు వింటూ పెరిగారు. కోత పండుగ నాడు గుడి ముందు చూడండి: వరి మెదలు, మక్క కంకులు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడి, ఒక ముసలమ్మ కొంగులో తెచ్చిన రెండు గుడ్లు. వేలంలో ఆ గుడ్లలో ఒకదాన్ని ఒకాయన బజారు ధరకు పదింతలు పెట్టి పాడుకొని, మళ్లీ బల్ల మీదే పెడతాడు, ఇంకొకరు పాడుకుంటారు. ఒకే గుడ్డు నాలుగు చేతులు మారుతుంది. ఎవరూ దాన్ని ఉంచుకోరు.

ఆ పండుగ జరిగే రోజుల్లోనే పెద్దపల్లి, కరీంనగర్ చుట్టుపక్కల ఇటుక బట్టీలు మొదలవుతాయి. ఒడిశా నుంచి కుటుంబాలు దిగుతాయి, అక్కడే అడ్వాన్సు తీసుకొని, దాన్ని ఎండాకాలం దాకా మట్టి తొక్కి తీర్చడానికి. వెట్టిని రద్దు చేసిన చట్టం వచ్చింది 1976లో. ఆ పిల్లలకు తెలుగు రాదు, మన బడికి రాలేరు. తిరునెల్వేలి వాళ్లకు కూడా తెలుగు రాదు, మానుకోటకు వచ్చేదాకా. ఈ ఏటి కోత పండుగ వేలం సొమ్ములో ఒక భాగం ఒడియా చదవడం వచ్చిన ఒక టీచర్‌కూ, ఆ అడ్వాన్సు లెక్కలు కూలీల పక్కన కూర్చొని చదివిపెట్టే ఒక మనిషికీ పక్కన పెట్టమని కరీంనగర్ డయోసిస్ సంఘాలను ఈ సభ నుంచి అడుగుతున్నాను. 1978లో మనకంటూ వేరే డయోసిస్ ఏర్పడింది; ఎవరినీ అనుమతి అడగవలసిన పని లేదు. బట్టీలు ఊరికి దూరమేమీ కావు, పొగ ఇక్కడికే కనబడుతుంది.